పారబోసిన నీళ్లు

గంగులమ్మ ఇంటి వెనక పాత టైరులో నిలిచిన నీళ్లను పంకజాక్షి వంచి పారబోసింది. దోమపిల్లలు నాలుగైదు మట్టిలో మెలికలు తిరిగాయి. మోకాలు పట్టేయడంతో గోడ ఆనుకుని లేచింది. బంగారుపాళ్యం పక్కనున్న ఈ ఊళ్లో ఇరవై ఆరేళ్లుగా ఆమె నర్సు. ప్రతి శుక్రవారమూ ఇదే పని. ఈ శుక్రవారంతో ఉద్యోగం అయిపోతుంది.

పొద్దున డాక్టర్ ప్రశాంతి ఫోన్ చేసి, "సాయంత్రం సన్మానంలో మీరు కాపాడిన ఒక ప్రాణం గురించి చెప్పండమ్మా" అంది. అప్పట్నుంచి పంకజాక్షికి ఏమీ తోచడం లేదు. పెద్దాసుపత్రిలో చేసినవాళ్లనడిగితే ఒకటికి పది చెబుతారు. తనేం చేసింది? టీకాలు వేసింది, బీపీ చూసింది, నీళ్లు పారబోసింది. ఎంత వెతుక్కున్నా ఒక్క ముఖమూ గుర్తుకు రాలేదు. ఇన్నేళ్లూ ఊరికే తిరిగానా అని భయం వేసింది.

"అవ్వా, నా వల్ల ఈ ఊర్లో ఎవురన్నా బతికినారా?" అని అడిగేసింది.

చింతపండులో గింజలు తీస్తున్న గంగులమ్మ ఎగాదిగా చూసింది.

"నువ్వు సూదేస్తే మా మనవడికి రెండు దినాలు జొరమొచ్చింది. అది మాత్రం బాగా గ్యాపకం ఉండాది."

"అది కాదవ్వా..."

"ఇంకేముండాది? పోయినేడు పక్కూర్లో డెంగీ వచ్చి పిలకాయలంతా ఆస్పత్రి పాలైనారు. మనూర్లో ఎవురికీ ఏమీ కాలేదే! నువ్వు బతికించేదానికి ఈడెవురుండారు సిస్టరమ్మా?"

అదీ నిజమేననిపించింది పంకజాక్షికి. బ్యాగు భుజాన వేసుకుని పక్కింటి తొట్టి చూడబోయింది.

సాయంత్రం మైకు ముందు నిలబడింది. మెడలో చామంతి దండ గుచ్చుకుంటోంది.

"చెప్పేదానికి ఈ ఊర్లో ఏమీ జరగలేదు మేడమ్" అని దించిన తల ఎత్తకుండా కూర్చుంది.

జనం నవ్వారు. ప్రశాంతి నవ్వలేదు. లేచి వచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎందుకో పంకజాక్షికి అర్థం కాలేదు. తప్పు మాట్లాడానేమోనని ఊరి చివర బస్టాపు దాకా ఆలోచిస్తూనే నడిచింది.

చిత్తూరు బస్సు వచ్చింది. ఎక్కబోతూ కిందికి చూసింది. ఎవరో పారేసిన టెంకాయ చిప్పలో మొన్నటి వాన నీళ్లు. తనకిక ఆ పని లేదు కదా అనుకుంటూనే వంగింది.

"సిస్టరమ్మా, ఎక్కుతావా లేదా?" కండక్టర్ కసురుకున్నాడు.

ఎక్కింది. బస్సు వెళ్లిపోయింది.

స్టాపులో ఆ చిప్ప బోర్లా పడి ఉంది, పక్కన కాస్త తడి మట్టి.