ఫెర్నుకు పండు కాయదు

పాప నోట్లో ఆకుపచ్చ పీచు చూడగానే వాళ్ల అమ్మమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. తడి చేతులతోనే పరుగెత్తాను. స్నానాలగది కిటికీ కింద, నా ఫెర్న్ కుండీల మధ్య మూడేళ్ల పిల్ల దర్జాగా కూర్చుని నములుతోంది.

"ఇంట్లో అడవి పెంచితే ఇంకేమవుతుంది? కడుపున పుట్టిన పిల్లయితే ఇలా వదిలేసేదానివా?"

ఆ మాట సూటిగా తగిలింది. పాపకు నేను పిన్నిని, అంటే మారుతల్లిని. కన్నతల్లి పోయాక ఈ ఇంటికి వచ్చాను. వాళ్ల అమ్మమ్మ చుట్టపుచూపుగా రాలేదనీ, నాలో ఒక్క తప్పు దొరికితే చాలు, పిల్లను తీసుకుపోతుందనీ ఆవిడ వచ్చిన రోజే అర్థమైంది.

పాప నోరు కడిగి, డాక్టరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"ఏం మొక్కమ్మా?"

"ఫెర్న్ అండీ. చిన్న కుండీల్లో పెంచుకునేది."

"అయితే కంగారు లేదు. మామూలు ఫెర్న్ ఏమీ చెయ్యదు. కాసిని నీళ్లు తాగించండి."

ఆవిడ గోడకు చేరబడి కూలబడింది. నాకూ పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎండ పడినా, నీళ్లు ఎక్కువైనా, తక్కువైనా కొత్త అల్లుళ్లలా అలగడం తప్ప ఫెర్నులు ఎవరికీ హాని చెయ్యవని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ గొప్పలు చెప్పేదాన్ని. ఆ గొప్ప నిలబడింది.

చెల్లాచెదురైన మట్టి ఎత్తుతుంటే చేతికి చిన్న ఎర్రపండు తగిలింది. సగం కొరికి ఉంది.

ఫెర్నుకు పువ్వు పుయ్యదు, పండు కాయదు. దాని వంశమంతా ఆకు అడుగున గోధుమరంగు చుక్కల్లోనే ఉంటుంది. తలెత్తి చూశాను. చివరి కుండీలో, దారాల్లాంటి సన్నటి ఆకుల మధ్య ఇంకో రెండు పళ్లు. అమ్మినవాడు ఫెర్న్ అంటే ఫెర్న్ అనే తెచ్చుకున్నాను. అది పేరుకే ఫెర్న్. అలాంటి మొక్క పళ్లు మంచివి కావని ఎక్కడో చదివాను కూడా. మా కిటికీలో ఉన్నది అదేనని తట్టలేదు.

గుప్పిట మూశాను. ఆవిడ చూడలేదు. డాక్టరు కంగారు లేదన్నాడు. నోరు మెదపకపోతే పిల్ల నా దగ్గరే ఉంటుంది. సిగ్గులేకుండా ఆ లెక్క వేశాను. పాప నన్ను చూసి నవ్వింది. పళ్ల సందున ఎర్రటి తొక్క.

గుప్పిట విప్పి ఆవిడ ముందు పెట్టాను.

"అమ్మా, ఇది ఫెర్న్ కాదు. పాప పండు తింది. డాక్టరుకు తప్పు చెప్పాను. లేవండి, వెళ్దాం."

కొడుతుందనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

టాక్సీలో పాపకు వాంతులు మొదలయ్యాయి. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు పండు చూశాడు, పాప పొట్ట నొక్కి చూశాడు, సాయంత్రం దాకా కదలనివ్వలేదు. చివరికి, "గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు.

ఆస్పత్రి వరండా బెంచీ మీద పాప నా ఒళ్లో నిద్రపోయింది. ఆవిడ పక్కనే కూర్చుంది. ఉండబట్టలేక నేనే అడిగాను.

"పాపను తీసుకెళ్తారా?"

"పండు సంగతి దాచేస్తే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"నా కూతురైతే దాచేసేది" అందావిడ. "నేనంటే అంత భయం దానికి. తిడతానని ఒంట్లో జబ్బు కూడా చివరిదాకా చెప్పలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మొహం తుడుచుకుని లేచింది.

"రేపు నేనొక్కదాన్నే వెళ్తాలే. ముందు పిల్లని సరిగ్గా పట్టుకో, మెడ వాలిపోతోంది."