సరిసమానంగా పన్నెండు మెట్లు

పుస్తకాల బీరువాలు చేసే మేస్త్రీకి కొలతంటే ప్రాణం. ఎవరింటికి వెళ్లినా గోడకున్న అరల మధ్య వెంట్రుకవాసి తేడా కనిపిస్తే చాలు, ఆయనకు ముద్ద దిగదు. ఈ జబ్బు గురించి ఇప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వేది ఆయనే. ఆ నవ్వు మాత్రం యుకులేలే చేశాకే వచ్చింది.

కూతురికి పద్నాలుగేళ్లు. రెండేళ్లుగా తండ్రిని ఏదీ అడగడం మానేసింది. అలాంటిది ఒకరోజు పనిచేసే చోటికే వచ్చి, బడి వాద్యబృందంలో చేరాలనుంది, చిన్న గిటారులాంటి నాలుగు తీగల యుకులేలే ఒకటి చేసిపెట్టగలవా అని అడిగింది. నాకు రాదు అని చెప్పడం ఆయన జన్మలో నేర్చుకోలేదు. అదెంత పని అనేశాడు. దాన్ని ఎప్పుడూ ముట్టుకుని కూడా ఎరగడన్న సంగతి ఆయనకు అడ్డే రాలేదు.

ఏదో పత్రికలో బొమ్మ చూసి మొదలుపెట్టాడు. పక్కచెక్కలు తడిపి వంచబోతే రెండు విరిగాయి. ఆ నేరం చెక్క మీదకు తోసేశాడు. మెడ మీద అడ్డంగా బిగించే ఇత్తడి మెట్ల దగ్గరకు వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది, అది కొలతల పని కదా. బొమ్మలో మెట్లు కిందకు పోనుపోను దగ్గరపడుతున్నాయి. ఫొటో వాలుగా తీశారు, అందుకే అలా ఉందనుకున్నాడు. అచ్చం బీరువా అరల్లా, సరిసమానంగా పన్నెండు మెట్లు బిగించాడు.

తీగలు ఊరికే మీటితే తేనెలూరింది. మెట్టు మీద వేలు నొక్కితే మాత్రం స్వరం పక్కదారి పట్టింది. ఆయన తీగలు మార్చాడు. నాలుగుసార్లు మార్చాడు. ఆఖరికి కూతురితో అన్నాడు: "నీ చెవిలోనే ఏదో తేడా ఉందమ్మా. మెట్లు నేను కొలిచాను."

ఆ పిల్ల అది నమ్మేసింది. నాన్న కొలతలో తప్పుండదని పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగింది మరి. నాలుగు రోజులకు భార్య వచ్చి, అమ్మాయి బృందంలోంచి తన పేరు తీసేయమని రేపు టీచరుకు చెబుతుందట అంది. పాపం, సంగీతం అందరికీ రావాలనేముంది అని మేస్త్రీ పెద్దమనసు చేసుకుని జాలిపడ్డాడు. అది తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

అయినా మనసాగక ఆ సాయంత్రమే అయిదోసారి తీగలు కొనడానికి దుకాణానికి వెళ్లాడు. గోడకు యుకులేలేలు వరసగా వేలాడుతున్నాయి. మొదటిదాని మెట్లు చూసి, ఎవడో చేతకానివాడు చేశాడనుకున్నాడు. రెండోదీ అంతే. మొత్తం తొమ్మిది చూశాడు. తొమ్మిదిమందీ ఒకే తప్పు చేయరు. పైన ఎడం ఎక్కువ, కిందకు పోయేకొద్దీ తక్కువ. ఆయనకు తల తీసేసినట్టయింది. తీగల సంగతి మరిచిపోయి ఇంటిదారి పట్టాడు.

దారి పొడవునా ఒకటే ఆలోచన. గుట్టుగా మెట్లు మార్చేసి, కొత్త తీగలతో బాగుపడిందని చెబితే పరువు దక్కుతుంది. పిల్ల మాత్రం తనకు చెవి లేదనే నమ్ముతుంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అనేశాడు.

"తప్పు నాదమ్మా. నీ చెవి బాగానే ఉంది. మెట్లు నేనే తప్పుగా పెట్టాను."

ఆ పిల్ల ఏడ్చేసింది. "ఈ నాలుగు రోజులూ పాట వినాలంటేనే భయమేసింది నాన్నా" అంది.

మర్నాడు టీచరు దగ్గరకు వెళ్లే పని లేకపోయింది. మేస్త్రీ మెడ మీద మెట్లు బిగించిన పాత చెక్కపట్టీ ఊడదీసి, కొత్తది నున్నగా చిత్రిక పట్టి అతికించాడు. తీగ కింద ఇత్తడి ముక్క ఒకటి ఉంచి, మెల్లగా జరుపుతూ మీటమన్నాడు. కూతురు స్వరాన్ని గొంతులో పలుకుతూ, తీగను మీటుతూ వింది.

"ఇక్కడ" అంది.

ఆయన పెన్సిల్‌తో గీత గీశాడు.

"కొలవవా?"

"నువ్వు విన్నావు కదా" అన్నాడు.

ఆ పిల్ల మళ్లీ మీటి, కళ్లు మూసుకుని, కాస్త పైకి జరపమంది. ఆయన గీత చెరిపేసి జరిపాడు.