నా పేరు మీద ఎక్స్‌రే

"ఈసారి వెళ్తే ఇద్దరం వెళ్దాం. లేదంటే మీరూ వెళ్ళొద్దు" అని మా ఆయనతో తెగేసి చెప్పాను. చెప్పే హక్కు నాకుంది. పెళ్ళయిన ఆరో నెలలో మస్కట్ వెళ్ళిన మనిషి మూడేళ్ళకు తిరిగొచ్చాడు. ఆ మూడేళ్ళూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఇంటి వెనక పోర్షన్లో ఒక్కదాన్నే ఉన్నాను. మొగుడు దేశాంతరంలో ఉన్న ఆడదంటే అందరికీ లోకువే. గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా లోపలికి తొంగిచూసి "సార్ ఇంకా రాలేదా?" అని పరామర్శించేవాడు.

మా ఆయన విశ్వేశ్వరరావు బిల్డింగు ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఈసారి కంపెనీ ఫ్యామిలీ క్వార్టర్ ఇస్తానంది, నాకూ వీసా పంపుతానంది. ట్రావెల్ ఏజెంటు గంగాధరరావు బొంబాయి నుంచి విమానంలో పక్కపక్క సీట్లు బుక్ చేశాడు. నేనప్పుడే సూట్‌కేసులో కుక్కర్, చింతపండు, ఆవకాయ సర్దేశాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వీసా చేతికి రాకముందే.

ఇక మిగిలింది మెడికల్, వీసాకు ముందు చేసే వైద్యపరీక్ష. నా భయమంతా అక్కడే. చిన్నప్పుడు నాకు టీబీ వచ్చి తగ్గింది. ఊపిరితిత్తిలో మచ్చ మాత్రం ఉండిపోయింది.

"మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్ అని కొట్టిపారేస్తారమ్మా" అన్నాడు గంగాధరరావు. గొంతు తగ్గించాడు. "ఆరోగ్యంగా ఉన్నావిడనెవరినైనా మీ పేరుతో పంపండి. ఎక్స్‌రే తీసేచోట మొహాలెవరు చూస్తారు?"

ఆరోగ్యం అంటే నాకు గుర్తొచ్చే మనిషి ఒక్కతే, మేం అద్దెకున్న ఇంటివాళ్ళ కోడలు ఆండాలు. వాళ్ళది ఇక్కడి పాత కాపు కుటుంబం. ద్రాక్షతోటలు ప్లాట్లు చేసి అమ్ముకుని, మిగిలిన ముక్కలో ఈ ఇల్లు కట్టి పోర్షన్లు అద్దెకిచ్చారు. ఎంత డబ్బొచ్చినా ఆండాలుకు చాకిరీ తప్పలేదు. నీళ్ళ ట్యాంకరొస్తే నెత్తినొకటి, చంకనొకటి బిందెలు పెట్టుకుని గబగబా నడిచేది. చూస్తుంటే నాకు ఆయాసం వచ్చేది. ఆ మూడేళ్ళూ నాకు తోడు ఆమే. జ్వరమొస్తే జావ కాచి పోసింది. ఏడిస్తే పక్కన కూర్చుంది. అప్పుడప్పుడు దగ్గేది, నిజమే. అయినా మా కాలనీలో దగ్గనిదెవరు? ఎటు చూసినా ఇళ్ళు కడుతున్నారు, పగలల్లా కంకర లారీల దుమ్ము.

"గింత దానికే పరేషాన్ అయితున్నవా అక్కా? ఫోటువనే గదా, నేను పోయి దిగొస్త" అని నవ్వింది ఆండాలు.

గాజులు కొనుక్కొస్తామని ఆమె అత్త మణెమ్మకు చెప్పి ఇద్దరం బస్సెక్కాం. క్లినిక్‌లో "సూర్యప్రభ" అని పిలవగానే అలవాటు కొద్దీ నేను లేవబోయాను. ఆండాలు నా తొడ గిల్లి కూర్చోబెట్టి తాను లేచివెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆ మాటే చెప్పుకుని నవ్వుకున్నాం.

వారం తిరక్కుండా గంగాధరరావు మమ్మల్ని ఆఫీసుకు పిలిపించాడు. అన్‌ఫిట్.

"కుడివైపు పైన పెద్ద మచ్చ. పాతది కాదట, ఇప్పుడు నడుస్తున్న జబ్బట" అన్నాడు ఫిల్ము మా ముందు పెట్టి.

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ క్షణాన నాకు ముందు కలిగింది ఆండాలు మీద జాలి కాదు. నా ప్రయాణం పోయిందే అన్న ఏడుపు. ఉన్నమాట చెబుతున్నాను.

"ఒక దారుంది" అన్నాడు గంగాధరరావు. "డాక్టరుతో మాట్లాడాను. ఆవిడొచ్చి ఫిల్ము తనదని ఒప్పుకుని, పోల్చిచూడ్డానికి ఇంకోటి తీయించుకోవాలి. తర్వాత మీది తీస్తారు. మానిపోయిన మచ్చకు ఫర్వాలేదట."

"ఈ ముక్క ముందే ఏడవచ్చుగా?" అన్నాను. ఆయన పెన్ను మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మణెమ్మ కునుకు తీస్తున్నప్పుడు ఆండాలును నా పోర్షన్లోకి పిలిచి విషయం చెప్పాను. వేళాకోళం అనుకుని ముందు నవ్వింది. తర్వాత గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

"నాకు తగ్గలేదూ? మందులు వాడితే నీకూ తగ్గుతుంది. నువ్వొక్కసారి డాక్టరు దగ్గరికొచ్చి చెప్తే చాలు" అన్నాను.

"మా పెద్దక్కను ఏం జేసిన్రో నీకెర్కలేదా అక్కా?"

ఎరకే. ఆండాలు భర్త జనార్ధన్‌కు బాలకృష్ణ అని అన్న ఉన్నాడు. అతని భార్యకు ఇదే జబ్బు వస్తే అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఆమె పుట్టింటికి పంపేశారు. మందులతో తగ్గింది గానీ మళ్ళీ తీసుకురాలేదు. పిల్లల్ని ఇక్కడే ఉంచుకుని బాలకృష్ణకు ఇంకో పెళ్ళి చేశారు.

"నా బిడ్డ ఇంకా పాలు మరువలే. దాన్ని గుంజుకొని నన్ను తోలేస్తరు. నీ కాళ్ళు మొక్కుత, నా పేరు తియ్యకు."

"మరి నా గతేంటి?" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె నా కాళ్ళు పట్టుకుంది. విదిలించుకున్నాను.

ఆఫీసు పని మీద వెళ్ళిన మా ఆయన రాగానే జరిగింది చెప్పాను. విప్పబోతున్న చొక్కాకు మళ్ళీ గుండీలు పెట్టుకున్నాడు. "ఆవిడ రాకపోతే వాళ్ళాయనే తీసుకొస్తాడు" అని, వద్దంటున్నా వినకుండా ముందు వాకిట్లోకి నడిచాడు. వెనకే నేనూ పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే జనార్ధన్‌తో మొత్తం చెప్పేశాడు.

జనార్ధన్ కుర్చీలోంచి లేవకుండానే కేకేశాడు. "ఆండాలూ! సార్ ఏందో చెప్తుండు. నువ్వు పోయి ఎక్సురే దిగినవా?"

ఆండాలు పాపనెత్తుకుని గడపలో నిలబడింది. "నేనెందుకు దిగుత? నాకేమైందని?"

"బీమారి మీకుంటే మా కోడలి మీద రుద్దుతున్నరా?" అంటూ మణెమ్మ లోపల్నుంచి వచ్చింది. "మర్యాదగల్లోళ్ళని ఇల్లిస్తే గిదేం పాడుబుద్ధి!"

జనార్ధన్ చెయ్యెత్తి తల్లిని ఆపాడు. నావైపు తిరిగాడు. "అమ్మా, సార్ మాట పక్కన బెట్టు. నువ్వు జెప్పు. గా ఎక్సురే ఎవరిది?"

మా ఆయన నా కళ్ళలోకి చూసి చెప్పమన్నట్టు తలూపాడు. నా నాలుక చివర ఆమె పేరే ఉంది. ఒక్క మాటంటే ఆ పక్క సీటు నాది, మస్కట్ నాది, మొగుడు నావాడు. ఆండాలు నావైపు చూడటం లేదు. వస్తున్న దగ్గును బయటికి రానీకుండా ఊపిరి బిగబట్టింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప ఆమె పుస్తెలతాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"నాదే" అన్నాను.

ఇంట్లోకొచ్చాక మా ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "మూడేళ్ళూ నాకోసం ఏడ్చావనుకున్నాను" అన్నాడు. తర్వాత నా సూట్‌కేసు తెరిచి కుక్కరు, ఆవకాయ తీసి తన పెట్టెలో పెట్టుకున్నాడు. గంగాధరరావు నా టికెట్టు రద్దు చేయించాడు. నాలుగు రోజులకు మా ఆయన బొంబాయి రైలెక్కాడు. స్టేషనుకు రావద్దన్నాడు. ఉత్తరం రాస్తానని కూడా అనలేదు. ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నేను చేసింది త్యాగమని ఎవరైనా అంటే చీపురు తిరగేస్తాను. నాకు అతనితో వెళ్ళాలని ఉంది. ఆ గుమ్మంలో నా నోరు వేరే మాట అంది, అంతే.

నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయమంది మణెమ్మ. చైతన్యపురిలో ఒక గది చూసుకున్నాను, ఆండాలు నడిచి రాగలిగినంత దూరంలో. ఇంకా మారలేదు. నేను పుట్టింటికి పోతే ఆమెకు మందులెవరిస్తారు? అత్తకు తెలియకుండా సర్కారు దవాఖానకు ఆమెను నా పేరుతోనే తీసుకెళ్ళి మాత్రలు రాయించాను. ఏడాదికి పైగా ఒక్కరోజూ మానకూడదన్నారు. ఇప్పుడు "సూర్యప్రభ" అని పిలిస్తే ఆండాలు తడుముకోకుండా లేస్తోంది.

నిన్న పొద్దున చెత్త పారబోసే నెపంతో నా పోర్షన్లోకి వచ్చింది. మాత్రలు చేతిలో పోశాను. నా గ్లాసుతోనే నీళ్ళు తాగి మింగింది. గ్లాసు ఇంకా ఆమె చేతిలో ఉండగానే మణెమ్మ వాకిట్లోకొచ్చి చూసింది.

"ఓ ఆండాలూ! గా గిలాస ఎందుకు ముట్టినవే? పిల్లతల్లివి, ఆమె బీమారి నీకంటుకుంటది! జల్ది రా!"

ఆండాలు గ్లాసు ఠక్కున కింద పెట్టేసింది. రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. అత్త చూస్తోంది కదా, అందుకే అనుకున్నాను. మణెమ్మ అటు తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆండాలు ఇంకా తుడుచుకుంటూనే ఉంది, ఒక్కో వేలూ విడివిడిగా.

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. "రేపు కూడా రా, మానకు" అన్నాను.