మన ఓబులేసు

ఆ ఆదివారం పొద్దున కూడా హిందూపురంలో ఓబులేసు ఇంటికి మనుషులు వచ్చారు. చెన్నేకొత్తపల్లి నుంచి ఒక పెద్దాయన తన ఊరి కబడ్డీ జట్టును వెంటబెట్టుకుని వచ్చాడు. గోడ నిండా మెడల్స్, షీల్డులు. వాటి ముందు ఓబులేసు పక్కన నిలబడి కుర్రవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోటోలు దిగుతున్నారు.

ఓబులేసు భార్య వనిత కాఫీ పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. కుడిచేయి పైటకొంగులో దాచుకుని, ఎడమచేత్తో ఒక్కో గ్లాసు అందించింది.

"ఏమ్మా, ఎడమచేత్తో ఇస్తాండావు! ఇదేం మర్యాద?" అని పెద్దాయన నవ్వాడు.

వనిత నోరు తెరిచేలోగా వంటింటి గడపలో నిలబడ్డ కుళ్ళాయమ్మ అందుకుంది. "మా మరదలిది ఎడమచేతి వాటం లేప్పా. ఏమనుకోవాకండి."

అందరూ నవ్వారు. ఓబులేసూ నవ్వాడు. వనిత మాత్రం ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ముందురోజు సాయంత్రం ఆమె కుడి మణికట్టును మెలితిప్పింది ఓబులేసే. వాచిన చోట పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది కుళ్ళాయమ్మే.

కుళ్ళాయమ్మ ఓబులేసుకు అక్క. వాళ్ళది పెనుకొండ పక్కన చిన్న పల్లె. తల్లిదండ్రులు పోయేనాటికి తమ్ముడికి ఎనిమిదేళ్ళు, ఆమెకు పంతొమ్మిది. తన పెళ్ళి సంగతే తలపెట్టకుండా, హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుట్టి వాణ్ణి సాకింది. స్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి వాడు తోటి పిల్లవాడి పన్ను ఊడగొట్టాడు. మర్నాడే జిల్లా ఫైనల్ ఉంది. హెడ్మాస్టరు ఆ పిల్లవాడి తండ్రిని పిలిపించి మాట్లాడి పంపేశాడు. ఓబులేసు ఫైనల్ ఆడాడు, గెలిపించాడు. ఊరు వాణ్ణి భుజాల మీద మోసింది. పన్ను మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి కథ ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఓబులేసు కూతకు పోయాడంటే అవతలి జట్టులో ఇద్దరు ముగ్గురు బయటికి రావలసిందే. రాష్ట్ర జట్టులోకి వెళ్ళాడు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. పెనుకొండ బస్టాండు దగ్గర 'మన ఓబులేసు' అని పెద్ద ఫ్లెక్సీ లేచింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే శ్యామలమ్మ ఏరికోరి తన ఒక్కగానొక్క కూతురు వనితను ఇచ్చి పెళ్ళి చేసింది.

పెళ్ళయిన ఏడాది జాతీయ పోటీల్లో బంగారు పతకం తెచ్చాడు. ఆ వారంలోనే అతను మొదటిసారి భార్య మీద చెయ్యి చేసుకున్నాడు. వీధిలో అభిమానులు టపాకాయలు కాలుస్తున్నారు. ఆ చప్పుళ్ళ మధ్య చెంపదెబ్బ చప్పుడు కుళ్ళాయమ్మకు స్పష్టంగానే వినిపించింది. 'ఏదో ఒక్కసారి' అనుకుని ఆమె పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

మూడేళ్ళకు మోకాలికి దెబ్బ తగిలి ఓబులేసు జట్టుకు దూరమయ్యాడు. తాగుడు మొదలైంది. వనితకు దెబ్బలు ఎక్కువయ్యాయి.

మణికట్టు వాపు తగ్గిన కొద్దిరోజులకు వనిత ఎవరికీ చెప్పకుండా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. అక్కడి అధికారి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, ఓబులేసుకు ఫోన్ చేశాడు. అతను రాగానే స్టేషన్లో వాళ్ళంతా వరసగా నిలబడి ఫోటోలు దిగారు. "ఇంత పేరున్న మనిషమ్మా. కేసు పెడితే ఊరి పరువేం గావాల? ఇంటి గొడవలు ఇంట్లోనే సర్దుకోవాల" అని అధికారి నచ్చజెప్పాడు. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు. మర్నాడే వనిత రైలెక్కి ధర్మవరం వెళ్ళిపోయింది.

అదే నెలలో పెనుకొండ యువకులు ఓబులేసుకు సన్మానం తలపెట్టారు. దంపతులిద్దరూ వేదిక మీద ఉండాలన్నారు.

"అక్కా, నువ్వు పోయి పిల్చకరా. నేను పిలిస్తే రాదు" అన్నాడు ఓబులేసు.

కుళ్ళాయమ్మ వెళ్ళింది. మగ్గం ముందు కూర్చున్న శ్యామలమ్మ లేవలేదు.

"కుళ్ళాయమ్మా, నా బిడ్డ ఒళ్ళు చూసినావా?"

"చూసినా వదినా."

"చూసి గూడా పిల్చకపోను వచ్చినావా?"

"ఈ ఒక్కసారి నా మాట ఇను. వాడింగ చెయ్యెత్తడు. ఎత్తితే నా పానం అడ్డమేస్తా."

శ్యామలమ్మ వీధి వైపు చూసింది. ఆ వీధిలో అప్పటికే నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారు. అంత గొప్పోడి పెళ్ళాం పుట్టింట్లో కూర్చుందంటే తప్పు ఎవరిదో అని నవ్వుతున్నారు. చివరికి ఆమె లేచి, కూతురి చీరలు మడతపెట్టి సంచిలో సర్దింది.

రైలు కదిలాక వనిత అడిగింది. "వదినా, మళ్ళా కొడితే ఏం జేస్తావు?"

"కొట్టడులే" అని కుళ్ళాయమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

సన్మానం ఘనంగా జరిగింది. వేదిక మీద వనిత పట్టుచీర కట్టుకుని భర్త పక్కన నిలబడింది. నవ్వమంటే నవ్వింది.

పదకొండు రోజులు గడిచాయి. ఆ మధ్యాహ్నం కుళ్ళాయమ్మ షిఫ్టు దిగి వచ్చేసరికి ఓబులేసు వాకిట మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల వనిత నేల మీద పడి ఉంది. కుళ్ళాయమ్మ పరుగెత్తి ఆమె తల ఒడిలోకి తీసుకుంది. మెడ మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం ఎప్పుడో పోయిందని డాక్టరు చెప్పాడు.

"అక్కా, జారి పడిందని చెప్పు. నువ్వొక్క మాట చెప్తే సాలు" అన్నాడు ఓబులేసు. చిన్నప్పుడు ఆకలేస్తే అడిగిన గొంతుతోనే అడిగాడు.

కుళ్ళాయమ్మ చెప్పలేదు. ఈసారి పోలీసులు కాగితం మీద రాసుకున్నారు. మొదటి చెంపదెబ్బ దగ్గర్నుంచి మెడ మీది గుర్తుల దాకా ఆమె ఒక్కటీ దాచలేదు. అంతా చెప్పి వేలిముద్ర వేశాక కూడా మనసు తేలికపడలేదు. ఈ మాటలు వనిత బతికుండగా చెప్పవలసినవి.

శవాల గది ముందు శ్యామలమ్మ కనిపిస్తే కుళ్ళాయమ్మ వంగి కాళ్ళు పట్టుకోబోయింది. ఆమె వెనక్కి జరిగింది. "పానం అడ్డమేస్తానంటివే కుళ్ళాయమ్మా" అంది, అంతే. తిట్టినా, జుట్టు పట్టుకుని కొట్టినా కుళ్ళాయమ్మకు అంత బాధ కలిగేది కాదు.

పెనుకొండలో ఫ్లెక్సీ మాయమైంది. నిన్నటిదాకా ఫోటోల కోసం వచ్చినవాళ్ళు, 'వాడి వాలకం మాకు ముందే తెలుసు' అనడం మొదలుపెట్టారు. టీవీల్లో రోజంతా అదే ముఖం. బంగారు పతకం మెడలో వేసుకున్న ఫోటో పక్కనే సంకెళ్ళ ఫోటో.

కోర్టుకు తెచ్చిన రోజు కుళ్ళాయమ్మ గేటు దగ్గర నిలబడింది. జీపు దిగగానే పదిమంది కుర్రవాళ్ళు ఫోన్లు పైకెత్తి, "అన్నా, ఈ పక్క చూడన్నా!" అని కేకలు వేశారు. ఓబులేసు అలవాటు కొద్దీ అటు తిరిగాడు. అది చూసి కుళ్ళాయమ్మ తల తిప్పుకుంది. అక్కడే గోడ పక్కన కూర్చుంది.

ఒక టీవీ విలేకరి మైకు పట్టుకుని దగ్గరికొచ్చాడు. "మోకాలికి దెబ్బ తగిలాకే మీ తమ్ముడు చెడిపోయాడంటున్నారు, నిజమేనా అమ్మా?"

"మోకాలు సక్కంగా ఉన్నప్పుడే కొట్న్యాడు నాయనా. మెడల్ తెచ్చిన వారమే కొట్న్యాడు. ఆ పొద్దు నేను పొయ్యి కాడ్నుంచి లేసింటే ఆ పిల్ల బతికింటుందేమో. నేను లెయ్యలే. ఊరూ లెయ్యలే. వాడు గెలిస్తే మావాడనింటిమి. వాడు కొడితే మాత్రం అది వాళ్ళింటి గొడవనింటిమి."

సాయంత్రం వార్తల్లో కుర్రవాళ్ళ కేకలు చూపించారు. కుళ్ళాయమ్మ మాటలు చూపించలేదు. అందుకే వాటిని ఇక్కడ రాయవలసి వచ్చింది. ఎంత గొప్పవాడైనా సరే, ఇంట్లో చెయ్యెత్తిన మొదటిరోజే మనం ఆ చెయ్యి పట్టుకుని ఆపకపోతే, చివరిరోజు అది చేసే హత్యలో మనకూ భాగం ఉంటుంది.