ఆధారం కాలేని సన్మాన పత్రం

నేను ఒక సన్మాన పత్రాన్ని. నన్ను గోడ మీద నుంచి దించిన రోజు ఇంట్లో ముగ్గురున్నారు. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న నూకరత్నం, వంటింట్లో ఆమె కోడలు పైడమ్మ, మంచం మీద ఫోను పట్టుకుని కూర్చున్న మనవరాలు హేమ.

నేను పుట్టింది పట్నంలో ఒక చిన్న ప్రెస్సులో. నాలోని మాటలు మాత్రం సత్యానందం మాస్టారివి. ఆయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఆ చుట్టుపక్కల ఎవరికి శాలువా కప్పినా పత్రం ఆయనే రాయాలి. నాకు ముందు అవే మాటలు ఒక పశువుల డాక్టరు కోసం అచ్చయ్యాయి. నా వంతు వచ్చేసరికి 'కరుణాసముద్రా' కొట్టేసి 'నాదసరస్వతీ' అని పెట్టారు. మిగతాది ముట్టుకోలేదు. వేదిక మీద ఆయన గొంతెత్తి చదివితే జనం చప్పట్లు కొట్టారు. నూకరత్నం శాలువా అంచు నలుపుతూ తలవంచుకుని కూర్చుంది. ఆ మాటలన్నీ తన గురించేనని నమ్మింది. అప్పటికి నేనూ నమ్మాను.

ఆమె పద్యనాటకాలకు హార్మోనియం వాయించేది. ఆడమనిషి ఆ పెట్టె ముందు కూర్చోవడం అప్పట్లో వింత. అందుకని పక్కతెర చాటున కూర్చోబెట్టేవారు. వాయిద్యం జనానికి వినబడేది, మనిషి కనబడేది కాదు.

ఎవరైనా రాయగలిగే అంతర్జాల విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉందని హేమకు బడిలో తెలిసింది. అందులో తన మామ్మ గురించి ఒక వ్యాసం ఉండాలనుకుంది. మామ్మ బతికుండగానే అది చదివి వినిపించాలన్నది ఆ పిల్ల కోరిక. నన్ను ఒళ్ళో పెట్టుకుని నా వాక్యాలన్నీ ఫోనులోకి ఎక్కించి, వ్యాసంగా పంపింది.

"పదో తరగతి పుస్తకం తియ్యమంటే తియ్యదు గానీ, మామ్మ చరిత్ర రాస్తాదట," అని పైడమ్మ వంటింట్లోంచి దెప్పింది.

కొన్నాళ్ళకు ఆ వ్యాసాన్ని పరిశీలించిన వారి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. వ్యాసం పొగడ్తలా ఉంది, సన్మాన పత్రం ఆధారం కాదు, ఈమె గురించి పుస్తకాల్లోనో పత్రికల్లోనో వచ్చినది చూపితే తీసుకుంటాం అని. నాలో ఎన్నెన్నో విశేషణాలున్నాయి. ఆమె పుట్టిన ఊరు లేదు, వాయించిన ఒక్క నాటకం పేరు లేదు. అంతవరకూ ఆ సంగతి నాకే తెలియదు.

"ఏటన్నారే గుంటా?" అని నూకరత్నం అడిగింది.

"నీ గురించి ఏ పుస్తకంలోనైనా ఉందా అని అడుగుతున్నారు మామ్మా."

"ఉండకేటి. జిల్లా నాటకాలోళ్ళ మీద మాస్టారు ఎంత పుస్తకం ఏసినారు. నన్ను నాదసరస్వతన్న మనిషి అందులో ఒగ్గీస్తారేటి?"

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే హేమకు బెరుకు. అయినా నన్ను తువ్వాల్లో చుట్టుకుని, అడగాల్సిన మాట దారంతా లోలోపల చెప్పుకుంటూ పక్క ఊళ్ళో మాస్టారింటికి వెళ్ళింది.

నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది. గుమ్మంలోనే నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివారు. "చూశావా, ధార ఎలా ఉందో," అన్నారు.

"మీ పుస్తకంలో మా మామ్మ ఏ పేజీలో ఉందండీ?" అంది హేమ. "పేజీ నెంబరు కావాలండి. అది రాస్తేగాని ఒప్పుకోరంట."

మాస్టారు సంబరంగా పుస్తకం తెచ్చి హార్మోనిస్టుల అధ్యాయం తీశారు. అందులో అందరూ మగవాళ్ళే. ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు. ఆమె ఉన్న నాటక సమాజం పేజీ దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. హేమ తొంగి చూసింది. 'ఈ సమాజం వారి హార్మోనియం మిక్కిలి శ్రావ్యముగా నుండెడిది' అని ఉంది. అంతే.

నన్ను రాసిన చెయ్యే ఆ వాక్యమూ రాసింది. నాలోని విశేషణాలన్నీ ఇచ్చేస్తాను, అక్కడ నూకరత్నం అనే ఒక్క మాట పెట్టండి అని అడగాలనిపించింది. కాగితానికి నోరెక్కడిది.

"తెర వెనకాల ఉండేది కదమ్మా. రాసేటప్పుడు తట్టలేదు," అన్నారు మాస్టారు. "మళ్ళీ అచ్చు వేస్తే చూద్దాం."

"ఎప్పుడేస్తారండీ? మామ్మకు ఒంట్లో బాగుండట్లేదు."

ఆయన నా అద్దాన్ని పంచె కొంగుతో తుడిచి, హేమ చేతుల్లో పెట్టారు. "జాగ్రత్తగా పట్టుకెళ్ళు తల్లీ, మంచి భాష," అన్నారు. మెట్టు దిగిన పిల్ల ఇంకేదో అడగబోయి మళ్ళీ గడప దాకా వచ్చింది. అప్పటికే ఆయన తలుపు వేసేశారు.