మంగళవారం బెంచీ

ఇప్పుడంటే సర్కారు సాయమంతా కార్డులో పడిపోతోంది. అడిగేవాళ్లు లేరు, ఇచ్చేవాళ్ల ముఖం చూసే పనీ లేదు. ఆ రోజుల్లో అలా కాదు. తల్లీబిడ్డల కేంద్రానికి మంగళవారం మంగళవారం మనిషి రావాలి, చంకలో బిడ్డ ఉండాలి, కిటికీ అవతల కూర్చున్న చీటీలక్క అడిగినదానికి జవాబు చెప్పాలి. ఆమె అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప మరెక్కడా వినపడేది కాదు. ఇరవై రెండేళ్లు చీటీలు చింపి ఇచ్చింది కాబట్టి చీటీలక్క, అంతే. పని మానేసి ఇన్నేళ్లయినా మంగళవారం తెల్లారితే చాలు, ఆమె ప్రాణం ఆ కిటికీ దగ్గరికి పోతుంది. ఆ రోజుల మీద ఉన్న బెంగ ఇంకా తీరలేదు.

ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "నీ పాలా, డబ్బా పాలా?"

నా పాలే అన్న తల్లికి పసుపు చీటీ. అది చూపిస్తే ఎదురుగా ఉన్న కొట్లో గుడ్లు, పాలు, పప్పు ఇచ్చేవాళ్లు, తల్లి తినడానికి. డబ్బా అన్న తల్లికి ఆకుపచ్చ చీటీ. దానికి బిడ్డ కోసం పాలపొడి డబ్బాలు. ఒకసారి ఆకుపచ్చ పుస్తకంలోకి ఎక్కిన పేరు ఆ ఏడాది మళ్లీ పసుపు పుస్తకంలోకి రాకూడదు, అదీ నియమం. ఆ నియమం రాసిన మహానుభావుడు జన్మలో పసిబిడ్డను ఎత్తుకుని ఉండడని చీటీలక్క నమ్మకం.

గుడ్లు చూపిస్తే తల్లులంతా తమ పాలే పడతారని పైవాళ్ల ఆశ. జరిగింది వేరు. వచ్చినవాళ్లలో ముప్పాతిక మంది ఆకుపచ్చే అడిగేవాళ్లు. వీళ్లకు తెలివి లేదు, చెప్పినా ఎక్కదు అని పెద్దసారు విసుక్కునేవాడు. చీటీలక్క కూడా మొదట్లో అదే పాట పాడింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, తల్లి పాల గొప్పతనం గురించి వరసలో ఉన్నవాళ్లందరికీ చెవినిల్లు కట్టుకుని చెప్పేది. వాళ్లు బుద్ధిగా తలలూపి ఆకుపచ్చ చీటీ పుచ్చుకుని పోయేవాళ్లు.

ఇస్త్రీ పిల్ల వచ్చిన రోజుతో ఆ పాట ఆగింది. వెనకవీధి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పిల్ల అది, తొలి కాన్పు, చేతిలో నలభై రోజుల ఆడబిడ్డ. డబ్బా పాలేనండీ అంది. అంటూ ఉండగానే ఆమె గుండెల మీద గుడ్డ తడిసి రెండు చోట్ల మరకలు కట్టింది. చీటీలక్క కలం కింద పెట్టింది.

"అబద్ధం ఆడితే అతికినట్టుండాలే పిల్లా. నీ బట్టలే నిజం చెప్పేస్తున్నాయి."

ఆ పిల్ల కొంగు లాక్కుని కప్పుకుంది.

"పాలున్నాయక్కా. కానీ గుడ్లు ఇంటికెళ్తే నా దాకా రావు. మామయ్యకొకటి, ఆయనకొకటి, మరిదికొకటి. డబ్బా అయితే ఎవరూ ముట్టుకోరు. దీనికైనా దక్కుతుంది."

అన్నేళ్లుగా చీటీలక్క ఆ కిటికీలో కూర్చుంది, ఒక్కరోజు కూడా ఈ ఆలోచన తట్టలేదు. గుడ్డు ఇంటిల్లిపాదిదీ అవుతుంది, పాలడబ్బా ఒక్క బిడ్డది. తెలివి లేనిది తల్లులకు కాదు, తనకు. సిగ్గుతో చచ్చిపోయిందా రోజు.

డబ్బా మొదలుపెడితే పాలు ఇంకిపోతాయని నెమ్మదిగా చెప్పింది. తెలుసు అన్నట్టు ఆ పిల్ల తలూపింది. తెలిసీ అడుగుతోందంటే ఇక చెప్పేదేముంది? చీటీలక్క పసుపు చీటీయే రాసింది. రాసి ఆ పిల్ల చేతికివ్వకుండా, ఆ బెంచీ మీద కూర్చో, కదిలావంటే ఊరుకోను అని గద్దించి, తానే రోడ్డు దాటి కొట్లోంచి గుడ్లు తెచ్చింది. వెనకగదిలో నర్సమ్మ సీసాలు మరగబెట్టే స్టవ్వు మీద ఉడకబెట్టింది. ఒలిచి రెండు గుడ్లు చేతిలో పెట్టి, నా కళ్ల ముందు తిను అంది. ఒళ్లో బిడ్డ తాగుతుంటే తల్లి తింది. మొదటి గుడ్డు భయంతో తింది, రెండోది ఆకలితో.

పై మంగళవారం పక్కనున్నావిడ, నాకూ రెండు వేయండి అక్కా అంది. ఆ పై వారం నలుగురు. రెండు నెలలు తిరిగేసరికి నర్సమ్మ తన ఇంట్లోంచి పెద్ద గిన్నె పట్టుకొచ్చింది. స్టాంపులుండే సొరుగులో ఉప్పు పొట్లం చేరింది. తెచ్చిన సరుకు ఇంటికే తీసుకెళ్లాలని ఎక్కడా రాసి లేదు మరి, చీటీలక్క నియమాల పుస్తకం అట్టనుంచి అట్టదాకా చదివింది.

అబ్బ, ఆ బెంచీ వైభవం ఏం చెప్పాలి. పన్నెండు మంది కూర్చోవాల్సిన చోట పద్దెనిమిది మంది ఇరుక్కునేవాళ్లు. ఒకావిడకు రొమ్ము మీద పుళ్లు పడితే నలుగురు బిడ్డల తల్లి ఇంకొకావిడ, అలా కాదమ్మా, తల ఇలా పట్టుకో అని తన బిడ్డతోనే చేసి చూపించేది. నర్సమ్మ గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి పక్కకు ఓ చూపు చూస్తే వచ్చేసేది. ఎవరి బిడ్డో ఏడిస్తే ఇంకెవరికో పాలు కారేవి, బెంచీ అంతా నవ్వులు. అత్తగార్ల నడకలు, మాటలు, దగ్గులు అన్నీ అక్కడ అచ్చు దిగేవి. చీటీలక్క కిటికీలోంచి, ఇది ఆఫీసా సంతా అని కసిరేది గానీ, ఏ మంగళవారమైనా జనం పల్చగా ఉంటే ఆమెకే తోచేది కాదు. తన జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు అవేనని ఇప్పటికీ అంటుంది.

రెండేళ్లలో ఆకుపచ్చ చీటీలు సగానికి పడిపోయాయి. పైవాళ్లు ఆశ్చర్యపోయారు. గోడ మీద తాను పెట్టించిన పాలిచ్చే తల్లి బొమ్మ వల్లే ఇదంతా అని పెద్దసారు తేల్చేశాడు, అలాంటి బొమ్మలు మిగతా కేంద్రాలన్నిటికీ పంపించారు. కాకి లెక్కలు! నిజం చెబితే స్టవ్వు పట్టుకుపోతారని చీటీలక్కకు తెలుసు. ఊరకున్నంత ఉత్తమం లేదనుకుని నోరు మూసుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

ఎందుకంటే ఓ మంగళవారం పెద్దసారు స్వయంగా వచ్చి ఆ రద్దీ చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు, నిజంగానే జాలిపడ్డాడు. పాలిచ్చే తల్లుల్ని రెండేసి గంటలు బెంచీ మీద కూర్చోబెడతామా, ఇంత అన్యాయమా అని బాధపడ్డాడు. పై నెల నుంచి పసుపు చీటీలు టపాలో ఇంటికే పంపాలన్నాడు. వాళ్లు కూర్చోవడానికే వస్తారు సార్ అని చీటీలక్క ఒక్కమాట అనబోతే నవ్వేశాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బెంచీని దస్తావేజుల గదిలోకి తోయించి, దాని మీద ఫైళ్లు పేర్పించాడు.

మంగళవారాలు చప్పబడిపోయాయి. తల్లులు ఒక్కొక్కరే వచ్చేవాళ్లు, పసుపులోంచి ఆకుపచ్చలోకి మార్చుకోవడానికి. ఏడాది తిరక్కుండానే లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడొచ్చింది ఇస్త్రీ పిల్ల, రెండో బిడ్డతో. అయిదు వారాల పసిగుడ్డు. కిటికీ దగ్గర నిలబడి, ఈసారి నిజంగానే ఆకుపచ్చ రాయండక్కా అంది. చీటీలక్క చూపు ఆ పిల్ల గుండెల మీదికి పోయింది. గుడ్డ పొడిగా ఉంది.

టపాలో వచ్చిన చీటీ అత్తగారి చేతికే పోతోందట. ఆవిడ రాక్షసేం కాదు. గుడ్లన్నీ కూరలో వేసి అందరికీ న్యాయంగా వడ్డిస్తుంది, కోడలు ఆఖర్న కూర్చునేసరికి గిన్నెలో పులుసు మిగులుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మరి అత్తను అడిగే నోరు ఆ పిల్లకెక్కడిది? రోజంతా ఆవిరిలో నిలబడి పని, కడుపులో ఏమీ లేదు, పాలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. పొరుగావిడ ఇచ్చిన అరడబ్బా పొడి కూడా అడుగంటింది.

చీటీలక్క ఆకుపచ్చ పుస్తకం తెరిచింది. తేదీ వేసింది. పేరు రాయాల్సిన చోట కలం ఆగింది.

"ఆగి ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులక్కా."

చీటీలక్క కిటికీ తలుపు మూసి ఇవతలికి వచ్చింది. ఆమె అంతవరకూ ఏ తల్లికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"నా కూతురికి ఇరవయ్యో రోజున నేనీ ఉద్యోగంలో చేరాను. పాలు రాకుండా గుడ్డ బిగించి కట్టుకున్నాను. అయిదో రోజున మనసొప్పక గుడ్డ విప్పేశాను, అప్పటికే లేవు. పోయినవి మళ్లీ రావన్నారు అందరూ, నమ్మాను. తెప్పించుకోవచ్చని నర్సమ్మ చెప్పేసరికి నా కూతురికి పళ్లొచ్చేశాయి."

ఇస్త్రీ పిల్ల ఆమె ముఖంలోకి చూసింది.

"నాకు వస్తాయా అక్కా?"

"ఏమో. పది రోజులు చూద్దాం. రాకపోతే నేనే ఆకుపచ్చ రాసిస్తాను, ఒట్టు."

సొట్టపడిందని కొట్టువాడు వెనక్కిచ్చిన పాలపొడి డబ్బా ఒకటి కేంద్రంలో ఉంది. ఆ పాలు చెంచాతో పట్టు, సీసా మాత్రం వద్దు, ముందు రొమ్మే ఇవ్వు, వచ్చినా రాకపోయినా ఇంట్లో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి ఇవ్వు అని నర్సమ్మ చెప్పింది. పగలు లాండ్రీ వదిలేది మధ్యాహ్నం భోజనానికి మాత్రమే. ఆ వేళకు బిడ్డను కేంద్రానికి తెచ్చేవాళ్లు ఎవరు? అత్తగారే రావాలి. చీటీలక్క మనిషిని పంపి మరీ పిలిపించింది.

అత్తగారు మూతి ముడుచుకునే వచ్చింది. దస్తావేజుల గదిలో బెంచీ మీది ఫైళ్లు కిందికి దించి ముగ్గురూ కూర్చున్నారు. బిడ్డ చప్పరించడం, ఏమీ రాక కెవ్వుమనడం, చెంచాతో పోయడం. మూడు రోజులు ఇదే తంతు. ఎందుకమ్మా దాన్ని ఏడిపిస్తారు అని అత్తగారు సణిగింది. ఇస్త్రీ పిల్ల కళ్లు తుడుచుకుని మళ్లీ లాండ్రీకి పరిగెత్తింది.

అయిదో రోజున చీటీలక్క చేతులు ఖాళీ లేక ఉడికిన గుడ్ల గిన్నె అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ గుడ్డు ఒలిచి, చటుక్కున రెండు ముక్కలు చేసింది. ఏళ్ల తరబడి పంచిన చెయ్యి అది. ఒక ముక్క కోడలి చేతిలో పెట్టి, రెండోది పట్టుకుని ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది. కాసేపటికి అదీ కోడలి చేతిలోనే పెట్టింది.

"నా కాన్పులప్పుడు నాకెవరూ పెట్టలేదు," అంది, ఎవరి వంకా చూడకుండా.

కోడలు తినడం ఆపి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. మర్నాటి నుంచి అత్తగారు ఇంట్లోంచే గిన్నెలో అన్నం తెచ్చింది, మొదటి వడ్డన కోడలికి తీసి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బిడ్డ ఎప్పటిలాగే చప్పరించడం మొదలుపెట్టి ఆగింది. గుటుక్కుమంది. మళ్లీ గుటుక్కుమంది. ముగ్గురు ఆడవాళ్లూ ఊపిరి బిగబట్టి విన్నారు. బిడ్డ పెదవి చివర తెల్లటి చుక్క కనిపించేసరికి ఇస్త్రీ పిల్ల నవ్వింది.

చీటీలక్క మాత్రం లేచి గోడవైపు తిరిగి భోరుమంది. ఆ బిడ్డ కోసం కాదు, తన కూతురి కోసం. ఇంత దగ్గరదాకా వచ్చి వదిలేశానే అని ఏడ్చింది. ఏడుపు కాస్త తగ్గాక పసుపు పుస్తకం తీసి, ఇస్త్రీ పిల్ల పేరు ఎదుట టపా చిరునామా కొట్టేసి, స్వయంగా వచ్చి తీసుకొనును అని రాసింది.

అత్తగారు ఆ రాత వంక చూసి, ఏం రాశావమ్మా అని అడిగింది. చీటీలక్క చదివి చెప్పింది.

"మంగళవారమేగా," అంది అత్తగారు. "నేను తీసుకొస్తాలే. మా పక్కింటి పిల్ల కూడా కనింది, దాన్నీ రమ్మంటాను."