బొట్టు చూసి చెప్పే కథ

"నువ్వు చేసేదేమున్నది వహీదా, ఊకె ముచ్చట్లు చెప్పుడే గదా," అంటడు మా ఆయన ఫరూఖ్. ఆ ముచ్చట్లు చెప్పెటందుకు నేను చీకటితోనే లేచి, నీళ్ల బిందెతోటి గుట్టెక్కి, సమాధి గది ఊడ్చి, కడిగి, వాడిన పూలు, కొబ్బరి పీసు ఏరి పారెయ్యాలె. ఆడోళ్లు గడప దాటద్దని గోడ మీద రాసిపెట్టిండ్రు. ఊడ్చెటప్పుడు నేను ఆడదాన్ని గాదు గావచ్చు. తెల్లారినంక మల్ల గడప ఇవతల నిలబడి, వచ్చిన జనానికి లోపలున్నదెవరో చెప్పాలె. నడుము పీకుతది, గొంతు ఆరిపోతది. అయినా ఏమాటకామాట, నేను మాట్లాడంగ మనుషులు ఇనేది ఆ ఒక్క జాగలనే. ఇంట్ల నా మాట ఎవలింటరు?

లోపలున్నదెవరో నిజంగ ఎవలకు తెల్వదు. మేము బాబా అంటం. గుట్ట మా తాతలు ఇచ్చిందే అనే ఊరి దొర కరుణాకర్ రావు సాబ్ శివయోగి అంటడు. పంచాయితి ఆఫీసుల చుట్టు తిరుగుతనే ఉన్నది. పెండ్లయిన కొత్తల మా మామ లతీఫుద్దీన్ నాకు నేర్పింది ఒక్కటే: "మొఖం చూసి చెప్పాలె బహూ. బొట్టుంటే, యోగి తపస్సు చేసుకుంట గీడనే సమాధైండని చెప్పు. లేకుంటే, బాబా నమాజుల ఉండంగనే కన్నుమూసిండని చెప్పు. లొల్లి ఉండది." గట్లనే చెప్పుకుంటొచ్చిన. కోరుట్ల దిక్కు నుంచి మొగని దుబాయి వీసా కోసం దారం కట్టనీకె వచ్చే ఆడోళ్లకు ఏ కథైనా ఒక్కటే. పాపం, కండ్లు మూసుకొని ఇంటరు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మెల బస్సులు బంద్. ఒక బేస్తారం నాడు షేర్ ఆటోల ఒకామె ఒక్కతే దిగొచ్చింది. నెత్తి నిండ కొంగు, నుదుటికి బొట్టు లేదు. కూసోబెట్టి, మంచినీళ్లిచ్చి, బాబా కథ మొత్తం చెప్పిన. కదలకుంట ఇన్నది. అయినంక మెల్లగ అన్నది, "నేను కరుణాకర్ రావు వదినెను బీబమ్మా, దమయంతిని. మా ఆయన మొన్న ఎండకాలం పోయిండు."

దిగ్గున లేచి నిలబడ్డ. "మాఫ్ చెయ్యిండ్రి దొరసానమ్మా, నుదురు చూసి..." అన్న.

ఆమె నవ్వింది, కండ్లల్ల నీళ్లతోటి. "నా నుదురు చూసి మొఖం తిప్పుకునేటోళ్లే అందరు. ఎదురొస్తే పక్కకు జరుగుతరు. నువ్వు కూసోబెట్టి కథ చెప్పినవ్. గా రెండోది సుత చెప్పరాదు?"

రెండూ ఒక్క మనిషికి చెప్పుడు నాకు గదే మొదలు. యోగిని తపస్సుల కూసోబెట్టబోయి నమాజుల నిలబెట్టిన. ఇద్దరం కడుపుబ్బ నవ్వినం. ఎన్నేండ్లయిందో గట్ల నవ్వక.

ఆమె ఇంటికి పోయి సంబురంగ చెప్పుకున్నదట. ఇగ చూడు! మా ఇంటామెకు సాయిబు కథ చెప్తదా అని రావు సాబ్ గరమైండు. బాబా గుట్ట మీద కూసొని యోగి కథ చెప్తవా అని మా ఆయన నా మీద లేచిండు. పంచాయితి సడక్ మీది దీక్ష టెంట్ల పెట్టిండ్రు. గా టెంట్ల వాళ్లిద్దరు రోజూ ఒక్కతీరు కండువాలు కప్పుకొని పక్కపక్కనే కూసుంటరు, ఒక్క గొంతుతోటి జై తెలంగాణ అంటరు. వంటావార్పు నాడు గా సడక్ మీదనే వాళ్లకు వండిపెట్టింది ఊరి ఆడోళ్లమే. నేను చాయ్ తీస్కపోయి గుంజ కాడ నిలబడ్డ. నన్నెవరు ఒక్క మాట అడగలే.

"ఆడమనిషి చెప్పుడేంది ఫరూఖ్? బంద్ చేపియ్యి," అన్నడు రావు సాబ్.

"సహీ బాత్. ఇగ నోరు తెరవది," అన్నడు మా ఆయన.

"ఊడ్చుడు, కడుగుడు చూసుకొమ్మను."

"చూసుకుంటది. ఏడికి పోతది?"

తాతల కాలం నుంచి లోపలున్నదెవరో తెగలేదు గని, నా నోరు మూసుడు చాయ్ చల్లారకముందే తెగింది. కోపం సుత రాలే నాకు. ఒళ్లంత అలసట వచ్చింది.

మల్ల బేస్తారం గుట్ట మీద మంది బాగనే ఉన్నరు. ఫరూఖ్ గడప కాడ నిలబడ్డడు. నేను గోడకానుకొని కూసున్న. ఒక ముసలవ్వ ఆయాసపడుకుంట ఎక్కొచ్చి నా పక్కన కూలబడ్డది. "లోపల ఎవలున్నరు బిడ్డా?" అని నన్నే అడిగింది.

"నేను చెప్త అవ్వా," అన్నడు ఫరూఖ్.

"రెండు కథలున్నయ్ అవ్వా," అన్న నేను. "రెండూ చెప్త, పానం నిమ్మలం చేసుకో."

ఫరూఖ్ నా మీదికి వంగి, ఎవలకు ఇనపడకుంట, పండ్లు కొరుక్కుంట అన్నడు, "ఘర్ చల్."

"కథ ఒడిసినంక ఇంటికొస్త," అన్న, తెలుగులనే, అందరికి ఇనపడేటట్టు.